బడి రాసిన పుట్టినరోజు

ఏటా ఫిబ్రవరి నెలాఖరులో, అమెరికాలో స్థిరపడిన మా పెదనాన్నగారి అబ్బాయి నాకు ఫోను చేసి అక్కడ జరిగే ఒక పరీక్ష గురించి వర్ణించి చెప్పడం ఆనవాయితీ. కళాశాలల్లో ఫుట్‌బాల్ ఆడిన కుర్రాళ్లను వృత్తి జట్లు ఏప్రిల్‌లో వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. (వారి ఫుట్‌బాల్ వేరు లెండి, అందులో కాలికన్నా చేతికే పని ఎక్కువ.) ఆ ఎంపికకు ముందు కుర్రాళ్లందరినీ ఒకచోట చేర్చి కొలతలు తీస్తారు. 1987 నుంచి ఈ తంతు ఇండియానాపొలిస్ నగరంలో జరుగుతున్నది. ఎత్తు, బరువు, నలభై గజాల పరుగు, నిలువు గెంతు, నిలబడిన చోటినుంచి ముందుకు దూకడం, అటూ ఇటూ తిరిగి పరుగెత్తే షటిల్ పరుగు, ఇవీ అందులోని అంశాలు.

మొన్న ఆయన ఈ జాబితా చదువుతుంటే నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే ఈ పరీక్షలనే నేను మన దగ్గర, తొమ్మిదేళ్ల పిల్లల మీద చూశాను.

హైదరాబాదు శివారులోని హకీంపేటలో 1993లో నెలకొల్పిన క్రీడా పాఠశాల గురించి మిత్రులకు తెలిసే ఉంటుంది. అందులో నాలుగో తరగతి ప్రవేశానికి మండల, జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో వడపోత జరుగుతుంది. ఎత్తు, బరువు, ముప్పై మీటర్ల పరుగు, నిలబడి దూకడం, నిలువు గెంతు, షటిల్ పరుగు, మెడిసిన్ బంతి విసరడం, ఒళ్లు వంచడం, ఎనిమిది వందల మీటర్ల పరుగు, మొత్తం తొమ్మిది అంశాలు. అమెరికా జాబితాకూ దీనికీ ఎంత దగ్గరి చుట్టరికమో చూడండి. కూలీ ఇంట పుట్టిన బిడ్డకు సిఫారసు లేకుండా చదువూ, తిండీ, ఆటా దొరికే దారుల్లో ఇది ఒకటి. అందుచేత నేను ఈ పద్ధతిని ఎగతాళి చేయడానికి కూర్చోలేదు. గడియారం బంధుప్రీతి ఎరుగదు. టేపు కులం అడగదు. అది చిన్న విషయం కాదు.

నా అభ్యంతరం వేరు. అమెరికాలో ఆ పరీక్షకు నిలబడేవాడు ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల యువకుడు. అతని ఎదుగుదల పూర్తయింది. అతడు మూడు నాలుగేళ్లు ఆడిన ప్రతి ఆటకూ చిత్రీకరణ ఉంది. జట్లవారు దాన్ని ముందే నూరుసార్లు తిప్పి తిప్పి చూసి ఉంటారు. కొలతలు దానికి తోడు మాత్రమే. అయినా వారు పొరబడ్డారు. 2000లో టామ్ బ్రాడీ అనే కుర్రవాడు నలభై గజాలను 5.28 సెకన్లలో పరుగెత్తాడు. అది మందకొడి పరుగే. అతని స్థానంలో ఆడే ఆరుగురిని ముందు ఎంచుకున్నాక, 199వ వాడిగా అతన్ని తీసుకున్నారు. తరువాత అతడు ఏడుసార్లు సూపర్ బౌల్ గెలిచాడు. అంత సరంజామా ఉన్నవారికే ఇరవై రెండేళ్లవాడి రేపు కనిపించకపోతే, చిత్రీకరణ లేని, ఆటే ఇంకా మొదలుపెట్టని తొమ్మిదేళ్లవాడి రేపు ఒక్క పూటలో మనకెలా కనిపిస్తుంది?

కనిపించేది రేపు కాదు, ఈ రోజు. ఆ రోజును కూడా నిర్ణయించేది చాలా మటుకు పుట్టిన నెల. ఒక ఏడాది వ్యవధిలో పుట్టిన పిల్లలను ఒక్క వరుసలో నిలబెడతాం. వరుసలో మొదటివాడికీ చివరివాడికీ మధ్య పదకొండు నెలల తేడా ఉండవచ్చు. తొమ్మిదేళ్ల బతుకులో పదకొండు నెలలంటే పదో వంతు! కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలను రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు 1985లో లెక్కించి చూపారు. అక్కడ వయోపరిమితికి జనవరి ఒకటి గీత. ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారు ఎక్కువమంది, చివరి నెలల్లో పుట్టినవారు తక్కువమంది తేలారు. ప్రతిభకు జనవరి మీద ప్రత్యేక మక్కువ ఏమీ ఉండదు కదా! పెద్దవాడిని ప్రతిభావంతుడని ఎంచుకున్నారు, మంచి శిక్షణ ఇచ్చారు, ఆ శిక్షణతో వాడు నిజంగానే ప్రతిభావంతుడయ్యాడు. ఎంపిక తన్ను తానే నిజం చేసుకున్నది.

ఇక మన పల్లెల్లో ఈ చిక్కుకు ఇంకో ముడి పడింది. నాది ఖమ్మం దగ్గర ముదిగొండ. నా సర్టిఫికెట్టులో పుట్టినరోజు జూన్ ఒకటో తేదీ. మా తరగతిలో సగం మందిదీ అదే! బడిలో చేర్చేనాటికి ఐదేళ్లు నిండాలి గనుక హెడ్మాస్టరుగారు అందరికీ ఒకే ముహూర్తం పెట్టేశారు. మా అమ్మ లెక్క వేరు. "మిరప కోతలప్పుడు పుట్టినవు, నొప్పులొచ్చేదాక చేన్లనే ఉన్న" అంటుంది. అంటే ఆ జూను తరువాత వచ్చిన మాఘమో, ఫాల్గుణమో. ఎనిమిది నెలలు ముందే నన్ను పుట్టించేశారన్నమాట. కబడ్డీ జట్టు కోసం మమ్మల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టినప్పుడు నేనెప్పుడూ వరుస చివరే ఉండేవాణ్ణి. ఆట నాకు చేతకాదని చాలా ఏళ్లు నమ్మాను. నాకు పోయిందేమీ లేదు, పుస్తకాలు దొరికాయి. కానీ ఆ నమ్మకం మాత్రం నా మీద రుద్దబడినదే.

ఇప్పటి పిల్లల పుట్టుక ఆసుపత్రిలోనే నమోదవుతున్నది. మా మేనల్లుడి తేదీ నిఖార్సయినది. కాకపోతే వాడు వయోపరిమితి చివరి నెలలో పుట్టాడు. ఆమధ్య వాణ్ణి ఒక ఎంపికకు తీసుకెళ్లాను. పక్కనున్న పిల్లవాడి భుజం దాకా వచ్చాడు. అన్నింటిలోనూ కొద్దికొద్దిగా వెనుకబడ్డాడు. కొలిచినవారి తప్పేమీ లేదు, న్యాయంగానే కొలిచారు. తిరుగు బస్సులో వాడు కిటికీలోంచి చూస్తూ, "నాకు ఆటలు రావు గద మామా" అన్నాడు. నేను విన్న మాటే, ముప్పై ఏళ్ల తరువాత మళ్లీ.

మనకు వయసు మీద శ్రద్ధ లేదని కాదు. క్రికెట్ బోర్డు పదహారేళ్లలోపు పిల్లల మణికట్టు ఎముకను ఎక్స్‌రే తీయించి మరీ చూస్తుంది. కానీ మనం ఎముకను అడిగే ప్రశ్న ఒక్కటే: "నీకు వయసు మించలేదు కదా?" "నువ్వింకా ఎంత ఎదగాలి?" అని అడగం. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో 2015 నుంచి తేదీని బట్టి కాక ఎదుగుదలను బట్టి పిల్లలను జతకట్టి ఆడించే ప్రయోగాలు చేస్తున్నారు.

అంత హంగు మనకు అక్కరలేదు. ఏడాదిని రెండు అరలుగా చేసి, ఆరు నెలల వారిని ఆరు నెలల వారితోనే పోల్చవచ్చు. పరీక్ష తప్పినవారిని మరుసటి ఏడు మళ్లీ పిలవవచ్చు. అన్నింటికన్నా ముఖ్యంగా, ఎంపిక తొమ్మిదో ఏట ముగిసిపోకూడదు. వరంగల్లు జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తిని చూడండి. పేదింటి బిడ్డ, మేధోపరమైన లోపంతో పుట్టింది. ఊళ్లో ఎగతాళి పడింది. ఆమె బడి పోటీల్లో పరుగెత్తుతుంటే శిక్షకుల కంట పడింది. నాగపురి రమేష్ గారి శిక్షణలో రాటుదేలి, 2024 మే నెలలో కోబేలో నాలుగు వందల మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెను పట్టుకున్నది పరుగును చూసిన కన్ను.

కొలవవద్దని నేను అనను. కొలిచిన అంకె పక్కన, ఆ బిడ్డ పుట్టిన నెల కూడా రాసి చదవండి అంటున్నాను. అంతే.

మిత్రులారా, మీలో ఎందరి సర్టిఫికెట్లలో జూన్ ఒకటి ఉన్నది? మీ అమ్మగారిని అడిగి చూడండి. వరుస చివర నిలబడిన రోజులు మీకూ ఉంటే, ఆ లెక్క ఇప్పటికైనా సరిచేసుకోవచ్చు.