తలుపు తట్టి రావాలి

1996లో నేను బళ్లారి బ్రాంచిలో కొత్తగా చేరిన ఆఫీసర్ని. ఒక ఉదయం మేనేజరుగారు పిలిచి, "పోలీసువారికి ఒక ఇంటి సోదాకు సాక్షి కావాలట, వెళ్లిరావయ్యా" అన్నారు.

ఇన్‌స్పెక్టరుగారు ఆ ఇంటి తలుపు తట్టి, తామెవరో, ఎందుకొచ్చారో గట్టిగా చెప్పి ఆగారు. లోపలున్నది ఒక ముసలమ్మగారు. ఆమె వచ్చి గడియ తీసేసరికి అయిదు నిమిషాలు పట్టింది. ఎందుకీ జాగు అని నేను లోలోపల విసుక్కున్నాను. సోదా అయ్యాక దొరికిన కాగితాలకు జాబితా రాసి, మా సంతకాలు తీసుకుని, నకలు ఆమె చేతికిచ్చారు. మనం పంచనామా అంటాం, ఇక్కడివారు మహజరు అంటారు.

ఆ అయిదు నిమిషాల విలువ నాకు 2020లో తెలిసింది. ఆ మార్చి 13న, అర్ధరాత్రి దాటాక, అమెరికాలోని లూయివిల్ నగరంలో పోలీసులు బ్రియానా టేలర్ అనే 26 ఏళ్ల అమ్మాయి ఇంటి తలుపు పగలగొట్టారు. తట్టకుండా చొరబడేందుకు జడ్జి అనుమతించిన వారంటు అది. అయినా తట్టామనే పోలీసులన్నారు. లోపలున్న ఆమె స్నేహితుడు ఎవరో దుండగులనుకుని ఒకసారి కాల్చాడు. పోలీసులు 32 సార్లు కాల్చారు. ఆ అమ్మాయి చనిపోయింది.

తట్టి, చెప్పి రావాలన్నది ఇంగ్లండులో 1604 నాటి తీర్పులోనే ఉన్న మాట. అమెరికా సుప్రీంకోర్టు 1995లో దానికి రాజ్యాంగ బలమిచ్చింది. 1997లో, ప్రాణాపాయమో సాక్ష్యం మాయమవుతుందనో తగిన అనుమానముంటే తట్టనక్కర్లేదంది. 2006లో, తట్టకపోయినా దొరికిన సాక్ష్యం చెల్లుతుందంది. ఒక ఖాతాకిచ్చిన మినహాయింపు నాలుగు ఖాతాలకు పాకడం బ్యాంకులో చూసినవాణ్ణి, నాకిది కొత్తగా అనిపించలేదు. బ్రియానా పోయాక, అదే ఏడాది జూన్‌లో, ఆ నగరం ఇలాంటి వారంట్లను నిషేధించింది.

మన దేశంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా పాత చట్టంలోని పద్ధతినే ఉంచింది. తామెవరో, ఎందుకొచ్చారో చెప్పి, లోపలికి రానిమ్మని అడిగి, అప్పటికీ వీలుకాకపోతేనే తలుపు పగలగొట్టాలి. ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి. సోదాను వీడియో తీయడం కొత్తగా చేర్చారు. ఆచరణ అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని నేననను. అందుకే తెలుసుకుని ఉండాలి.

తట్టడం ఇంటివారికి మర్యాద మాత్రమే కాదు, వచ్చిన పోలీసు ప్రాణానికీ రక్షణే. రేపు మీలో ఎవరినైనా సాక్షిగా పిలిస్తే తప్పించుకోకండి. జాబితా పూర్తిగా చదివి, దొరికిన వస్తువులతో సరిచూసి, అప్పుడే సంతకం పెట్టండి. బ్యాంకు ఉద్యోగం నాకు నేర్పిన మొదటి పాఠం అదే.