నేలలోపలి చూపు

2025 ఫిబ్రవరి 22వ తేదీన శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగములో, దోమలపెంట చెంత, పైకప్పు కూలి ఎనమండుగురు పనివారు చిక్కుకొనిరి. సొరంగద్వారమునకు సుమారు 14 కిలోమీటర్ల లోపల బురదయు, రాళ్లును, యంత్రశకలములును వారిని కప్పివేసెను. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు నేలను చొచ్చి చూచు రాడారును కొనిపోయి వెదకదగిన తావులను గుర్తించిరి. మార్చి 9వ తేదీన, కేరళ పోలీసువారి జాగిలముల తోడ్పాటుతో, తొలి మృతదేహము లభించినది. మార్చి 25వ తేదీన రెండవది దొరకినది. తక్కిన ఆర్గురి జాడ తెలియకయే ఏప్రిలు మాసమున వెదకుట నిలిచిపోయెను.

గుంటూరు, ప్రకాశము జిల్లాలవారికి ఇది పరాయివార్త కాదు. మార్కాపురము ప్రాంతపు మెట్టపొలములకు కృష్ణాజలమును తేవలసిన వెలిగొండ సొరంగములు రెండును ఆ నల్లమలనే తొలిచినవి. కావున ఈ యంత్రము ఏమి చూడగలదో, ఏమి చూడజాలదో మన రైతులును పురజనులును తెలిసికొనుట అవసరమని తలచుచున్నాము.

రాడారు రేడియో తరంగములను నేలలోనికి పంపును. ఒక పొర ముగిసి వేరొక పొర మొదలగుచోట తరంగములో కొంత మరలి వచ్చును. మరలుటకు పట్టిన కాలమునుబట్టి లోతు లెక్కింపబడును. 1929లోనే ఆస్ట్రియాలో హిమానీనదపు మందమును ఈ రీతిని కొలిచిరి. 1972లో అపోలో 17 ఇట్టి సాధనమునే చంద్రునికడకు కొనిపోయెను. తరంగము మంచులో వందలకొలది మీటర్లు పోగలదు; పొడియిసుకలోను గట్టిరాతిలోను పదులకొలది మీటర్లు పోగలదు.

మన నల్లరేగడిలో మాత్రము దాని బలము సాగదు. బంకమన్ను, తేమ, ఉప్పు తరంగశక్తిని హరించుటచే ఒకటి రెండు మీటర్లు దాటుటయే కష్టము. నీటిని పట్టియుంచి పత్తిని, మిరపను పోషించు గుణమే యంత్రమునకు కన్ను గప్పుచున్నది. చీరాల, బాపట్ల తీరపు ఇసుకలో ఇది మంచినీటి మట్టమును చూపగలదు. క్రింది ఉప్పునీటిని తాకినంతనే ఆగిపోవును. రేగడిలో మూడువందల అడుగుల లోతున జలమున్నదని ఈ యంత్రముతో చెప్పి సొమ్ము గోరువానిని నమ్మవలదని మా హితవు. అంత లోతునకు భూమి విద్యున్నిరోధమును కొలుచు పద్ధతి వేరుగ నున్నది.

మరియొక విషయము. రాడారు భేదమును చూపును గాని పేరు చెప్పదు. అది ఇనుమా, నీరా, మనుష్యదేహమా యనునది త్రవ్వినగాని తేలదు. ఎనమండుగురి బంధువులు అనుభవించిన నిరీక్షణకు ఇదియు నొక కారణమే.

అయినను సాధనమును నిందింపరాదు. కాలువల కాంక్రీటు వెనుక ఏర్పడు బోలులను ఇది ముందే చూపగలదు. సొరంగము తొలుచుచోట ఎదుటి రాతిలోని పగుళ్లను ఇరువది ముప్పది మీటర్ల ముందుగా సూచింపగలదు. అంతకు మించిన దూరమునకు ఇతర పరీక్షలను జోడింపవలెను. మేము ప్రభుత్వములను కోరునది ఇంతియే: పని నడచుచుండగనే ఈ పరీక్షలు క్రమముగ జరుపుడు, ఫలితములను ప్రజలకు ప్రకటింపుడు. మృతులను వెదకుటకు సొరంగము జొచ్చిన యంత్రము బ్రతికియున్న పనివారికి ముందునడచుటయే న్యాయము.