బిగ్ బ్యాంగ్‌ను ఆదికాండానికి సాక్షిగా పిలవొచ్చా?

భిలాయి ఉక్కు కర్మాగారం తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. కట్టడానికి సాయం చేసింది సోవియట్ యూనియన్. అంతకు పన్నెండేళ్ల ముందు, 1947లో, అదే సోవియట్ యూనియన్‌లో పార్టీ సిద్ధాంతకర్త ఆంద్రేయ్ జ్దానొవ్ విశ్వానికి ఆరంభం ఉందన్న శాస్త్రవేత్తలపై విరుచుకుపడ్డారు. శూన్యం నుంచి లోకం పుట్టిందన్న కట్టుకథకు వీళ్లు మళ్లీ ప్రాణం పోస్తున్నారన్నది ఆరోపణ. విశ్వం వ్యాకోచించవచ్చని 1922లోనే లెక్కగట్టిన అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ వాళ్ల దేశస్తుడే!

1951 నవంబరులో పోప్ 12వ పయస్ ఎదురు దిక్కు నుంచి వచ్చి అదే చోట నిలబడ్డారు. ఆధునిక శాస్త్రం సృష్టి క్షణానికి సాక్ష్యమిస్తోందన్న ధోరణిలో ప్రసంగించారు. ఒకరు తిట్టారు, ఒకరు మెచ్చుకున్నారు. ఇద్దరూ బిగ్ బ్యాంగ్‌లో చూసింది ఆదికాండాన్నే.

దీనికి ఇబ్బందిపడిన వ్యక్తి జార్జ్ లెమైత్ర్. బెల్జియం కాథలిక్ ఫాదర్. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో, అదంతా ఒక ఆదిమ పరమాణువు నుంచి మొదలైందని 1931లో ప్రతిపాదించింది ఆయనే. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నలకు వెలుపలిదని, దాన్ని ఒప్పుకున్నా దేవుణ్ణి కాదనే స్వేచ్ఛ భౌతికవాదికి ఉంటుందని 1958లో స్పష్టంగా చెప్పారు. 1952లో రోమ్‌లో ఖగోళ శాస్త్రవేత్తల ముందు పోప్ ఆ పాత వాదన మళ్లీ ఎత్తలేదు.

లెమైత్ర్ జాగ్రత్తకు కారణముంది. బిగ్ బ్యాంగ్ చెప్పేది సుమారు 1380 కోట్ల ఏళ్ల కిందటి అతివేడి, అతిసాంద్ర స్థితి నుంచి విశ్వం ఎలా విస్తరించిందన్నది. ఏమీ లేనిచోట ఏదో ఎలా వచ్చిందన్నది కాదు. పైగా లెక్కలు మారుతుంటాయి. విశ్వ విస్తరణను వేగవంతం చేస్తున్న డార్క్ ఎనర్జీ కాలంతోపాటు బలహీనపడుతుండొచ్చని 2025 మార్చిలో డెసీ సర్వే ఫలితాలు సూచించాయి. ఇంకా నిర్ధారణ కాలేదు. రేపు సిద్ధాంతం మారితే దానికి కట్టేసిన విశ్వాసం ఏం కావాలి?

ఆరు రోజుల సృష్టిని అక్షరాలా నమ్మేవారికి చిక్కు ఇంకా పెద్దది. దల్లీ రాజ్‌హరా గనుల నుంచి భిలాయికి వచ్చే ఖనిజంలోని ఇనుము బిగ్ బ్యాంగ్‌లో పుట్టింది కాదు. తొలి నిమిషాల్లో తయారైంది హైడ్రోజన్, హీలియం, కాస్త లిథియం. ఇనుము తర్వాత నక్షత్రాల్లో, వాటి పేలుళ్లలో తయారైంది. భూమి ఏర్పడింది ఆ తర్వాతే, సుమారు 450 కోట్ల ఏళ్ల కిందట.

ఇదంతా పిల్లలకు చెప్పేదెవరు? పదో తరగతి సైన్స్ పుస్తకం నుంచి ఎన్‌సీఈఆర్‌టీ 2023లో జీవపరిణామం పాఠాన్నే తీసేసింది. పదితో సైన్స్ ఆపేసే పిల్లలకు 'ఎలా మొదలైంది' అన్న ప్రశ్నకు జవాబు ఇక ప్రసంగాల్లోనో, ఫోన్ వీడియోల్లోనో దొరకాలి.