జీతము మాట ముందే అడగవచ్చునా?

ఉద్యోగము దొరికిందనగానే ఇంటిల్లిపాదీ సంతోషిస్తాము. ఆ సంతోషములో జీతము సంగతి తరచి అడగము. పిల్లలు అడగబోయినా, "ఇంకా అడిగితే ఉన్నదీ పోతుందేమో" అని పెద్దలమే వారి నోరు మూయిస్తాము. సంతుష్టి మంచిదే. అయితే ఒప్పుకొనకముందు అడగడం వేరు, ఒప్పుకొని చేరాక సణగడం వేరు. యాకోబు కూడ లాబాను దగ్గర జీతము ముందే మాట్లాడుకున్నాడు. అయినను ఆ మామ పదిమార్లు మార్చాడు. కాగితము లేని రోజులవి!

నేడు మన యౌవనస్థులను తికమకపెట్టేది సి.టి.సి. అనే మాట. అది సంస్థ ఆ ఉద్యోగి మీద ఏడాదికి పెట్టే మొత్తము ఖర్చు, చేతికందే జీతము కాదు. 6 లక్షలన్నారనుకోండి. నెలకు 50,000 వస్తాయని తలచి కొందరు బండికి కిస్తీలు కూడ మాట్లాడేస్తారు. మూలవేతనము 25,000 అయి, దానంతటి మీద భవిష్యనిధి కడితే, సంస్థ వాటా 12 శాతము, అనగా 3,000, ఆ 50,000లోనిదే. గ్రాట్యుటీ పేరిట 4.81 శాతము, సుమారు 1,200. పనితీరును బట్టి ఏడాదికొకసారి ఇచ్చే 60,000 కూడ అందులోనే కలిపితే నెలకు 5,000. మిగిలిన 40,800లో ఉద్యోగి వాటా భవిష్యనిధి 3,000, మన రాష్ట్రాలలో వృత్తిపన్ను 200 పోగా చేతికి వచ్చేది 37,600. భవిష్యనిధి మన పేరనే ఉంటుంది. గ్రాట్యుటీ మాత్రము శాశ్వత ఉద్యోగికి సాధారణముగా అయిదేళ్లు నిండితేనే దక్కుతుంది.

కనుక "సార్, నెలకు చేతికెంత వస్తుంది? ఏడాది చివరి మొత్తము ఖాయమా, మారుతుందా?" అని మర్యాదగా అడగండి. అడగవలసిన సమయము వారు మిమ్మును ఎంచుకున్న తరువాత, మీరు సంతకము చేయకముందు. ఎక్కువ కోరేటప్పుడు ఇంటి అప్పులు, చెల్లెలి పెండ్లి చెప్పుకోనక్కరలేదు. మీకు వచ్చిన పని, అటువంటి పనికి ఇతరచోట్ల ఇస్తున్న జీతము చెప్పండి. పాత జీతమును పెంచి చెప్పకండి. పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు.

జీతము పెంచలేమంటే తక్కినవి అడగవచ్చును. ఆరోగ్య బీమాలో తలిదండ్రులను చేర్చుతారా, ఆ ప్రీమియము ఎవరు కడతారు అన్నది ముఖ్యము. అమ్మకు షుగరు, నాన్నకు బి.పి. ఉన్న ఇంట్లో ఇది రెండువేల పెంపు కంటె మేలు కావచ్చు. మానేయాలంటే ఎన్ని రోజుల నోటీసు, బాండు ఏమైనా ఉన్నదా అన్నవి కూడ ఆఫరు లెటరులో చదువుకోండి. నోటిమాటగా ఒప్పుకున్నదేదైనా ఈ-మెయిలులో వ్రాయించుకోండి.

ఇక కొన్ని ప్రైవేటు సంస్థలు అసలు సర్టిఫికెట్లు తమ వద్దనే ఉంచుకుంటామంటాయి. మధ్యలో మంచి అవకాశము వచ్చినా కదలలేక చిక్కుబడేది ఇక్కడే. అసలువి చూపించి, జిరాక్సులు ఇచ్చి, వెంటనే ఇంటికి తెచ్చుకోండి.