మల్లన లెక్క, లువా లెక్క

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని గింజలు బహుమానంగా అడిగిన కథ మీరు వినే ఉంటారు. మొదటి గడిలో 1, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్ళకూ కలిపి ఎన్ని గింజలు? దీనికి జవాబు చెప్పే తెలుగు పద్యం ఒకటుంది. గణితాన్ని పద్యాల్లో రాసిన పావులూరి మల్లనదిగా దాన్ని చెప్పుకుంటారు. (ఇంకొల్లు దగ్గర పావులూరు అనే ఊరు ఇప్పటికీ ఉంది.) పద్యంలో అంకెలకు బదులు మాటలుంటాయి: చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5. ఒకట్ల స్థానం నుంచి వరసగా పేర్చుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు.

ఇదే లెక్కను కంప్యూటరుకిచ్చి చూడండి. ఆటలు రాయడానికి బాగా వాడే భాషల్లో లువా ఒకటి. ఇది 1993లో బ్రెజిల్ దేశంలోని రియో డి జనీరోలో, ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది. పోర్చుగీసు భాషలో లువా అంటే చంద్రుడు. మల్లన పద్ధతిలో అయితే 1 అన్నమాట! 2015లో వచ్చిన లువా 5.3లో గళ్ళన్నీ పూర్ణాంకాలుగా కూడితే వచ్చే జవాబు -1. అంటే గింజలడిగిన ఆయనే రాజుగారికి ఒక గింజ బాకీ! అంతకు ముందరి లువాలో కూడితే ఒక గింజ ఎక్కువొస్తుంది, చివరి అంకె 5కు బదులు 6. రెండుసార్లూ యంత్రం 'తప్పు జరిగింది' అని ఒక్క మాటయినా అనదు. నాకు నచ్చనిది అదే.

ఎందుకిలా? కొత్త లువాలో ఒక పూర్ణాంకానికి 64 బిట్ల చోటుంటుంది. అంటే 0 గాని 1 గాని పట్టే 64 గళ్ళు, చదరంగం పలకే అనుకోండి. అన్ని గళ్ళలో 1 ఉంటే అది సరిగ్గా మల్లన సంఖ్య కావాలి. కాని రుణసంఖ్యలకూ చోటు కావాలి గనుక చివరి గడి విలువను రుణంగా లెక్కిస్తారు. దాంతో హద్దు 9223372036854775807 దగ్గరే ఆగిపోతుంది. పాత లువాలో 9007199254740992 దాటాక కొన్ని సంఖ్యలకు చోటే లేదు; దగ్గరలో ఉన్న మరో సంఖ్యతో సరిపెట్టుకుంటుంది.

"అంత పెద్ద సంఖ్యలతో మనకేం పని?" అనవచ్చు. గుంటూరు మిర్చి యార్డులో ఎన్నేళ్ళ బస్తాలు లెక్కపెట్టినా ఆ దరిదాపులకు రాము, నిజమే. కాని ఆటల సంగతి వేరు. 1తో మొదలై మెట్టు మెట్టుకూ బంగారం రెట్టింపయ్యే ఆట రాయండి. కొత్త లువాలో 64వ మెట్టు ఎక్కేసరికి ఆటగాడు అప్పులపాలవుతాడు.

లువా మీద చాలామంది చెప్పే ఫిర్యాదు ఇది కాదు. దానిలో 'క్లాస్' లేదంటారు. క్లాస్ అంటే అచ్చు లాంటిది. బంటు అచ్చు ఒకటి చేసుకుంటే పదహారు బంట్లనూ తీయవచ్చు. లువా అచ్చు ఇవ్వదు, పట్టికలు ఇస్తుంది. 'ఇందులో లేనిది ఆ పట్టికలో వెతుకు', 'ఈ రెంటినీ కూడమంటే ఇలా కూడు' అని చెప్పుకోవడానికి మెటాటేబుల్ అనే ఏర్పాటుంది. వాటితో అచ్చు మనమే తయారు చేసుకోవాలి. పదిమంది కలిసి రాసే పెద్ద ఆటలో ఇది చికాకే. నేర్చుకునే విద్యార్థికి మాత్రం మేలేనంటాను.

అచ్చు గురించి చెప్పే పాఠాల్లో 'జంతువు, దాని కింద కుక్క' అన్న ఉదాహరణ తరచు కనిపిస్తుంది. ఆ కుక్క మొరగడం తప్ప ఏమీ నేర్పదు. మీ మొదటి అచ్చు 'పెద్ద సంఖ్య' కావాలని నా అభిప్రాయం. ఒక్కొక్క అంకెనూ ఒకట్ల స్థానం నుంచి పట్టికలో పెట్టండి, పద్యంలో పెట్టినట్లే. కూడే పద్ధతి మీరు చిన్న తరగతుల్లో నేర్చిందే: మొత్తం 9 దాటితే 1 పక్క స్థానానికి పోతుంది. ఆ పద్ధతిని మెటాటేబుల్‌లో కూడిక గుర్తుకు ముడివేయండి. ఇక పట్టిక ఎంత పొడుగైనా పెరుగుతుంది.

64 గళ్ళూ కూడాక పట్టికలో 5, 1, 6, 1, 5, 5, 9 అంటూ అంకెలు మొదలు కావాలి. ఆ పద్యం నోటికొచ్చిన తాతగారు మీ ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని సరిచూసుకోండి.