వంటింటి పొగ ఏ లెక్కలోకి వస్తుంది?

చలికాలం తెల్లవారుజామున చిల్పూర్ గుట్ట చుట్టుపక్కల ఊళ్ల మీద పరచుకునే పొరను చాలామంది మంచనే అనుకుంటారు. అందులో పొయ్యిల పొగ ఎంతో, చేలల్లో తగలబెట్టిన పత్తికట్టెదీ వరి కొయ్యకాళ్లదీ ఎంతో విడదీసి చూసే వారెవరు?

కట్టె, పిడక, డీజిల్ సరిగా కాలనప్పుడు వెలువడే మసి రేణువులను శాస్త్రవేత్తలు నల్ల కర్బనం అంటారు. ఊపిరితిత్తుల లోతుల దాకా పోయే సన్నని ధూళిలో ఇదొక భాగం. ఇస్రో దేశమంతటా నెలకొల్పిన కేంద్రాల కొలతల ప్రకారం ఇది గంగా మైదానంలో ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ. చలికాలంలో గాలి పైకి లేవక నేలను అంటిపెట్టుకొని ఉంటుంది కనుక ఎక్కువ, వానాకాలంలో చినుకులు కడిగేస్తాయి కనుక తక్కువ. హైదరాబాద్‌లోనూ ఇదే తీరు.

ఈ లెక్క తప్పని మేము అనడం లేదు. కాని ఇది ఆరుబయటి లెక్క. వేసవిలో పొయ్యిని వాకిట్లోకి తెచ్చుకునే స్త్రీ, జూలై ఆగస్టుల్లో జల్లుకు తలుపు మూసి, తడిసిన కట్టెను ఊది ఊది కళ్లు ఎర్రజేసుకుంటుంది. యంత్రానికి గాలి శుభ్రంగా కనిపించే నెలలే ఆమెకు పొగ నెలలు. ఋతువులను కూడా మగవాళ్లు తిరిగే చోటు నుంచే లెక్కగడుతున్నామా?

ఇంటి లోపల కొలిచిన సందర్భం లేకపోలేదు. కల్పనా బాలకృష్ణన్, సహపరిశోధకులు నిజామాబాద్, రంగారెడ్డి, అప్పట్లో చిల్పూర్ ప్రాంతం కూడా కలిసి ఉన్న వరంగల్ జిల్లాల్లో 400కు పైగా గ్రామీణ గృహాలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. పీల్చే ధూళి రోజు సగటు ఘనపు మీటరుకు గ్యాస్ వాడే ఇళ్లలో 73 మైక్రోగ్రాములుంటే, కట్టె, పిడకల ఇళ్లలో 732 దాకా ఉంది. అందరికంటే ఎక్కువ పీల్చింది వంట చేసే స్త్రీలే, అందులోనూ 15 నుంచి 40 ఏళ్ల వాళ్లు. మగవాళ్లలో ఎక్కువ పీల్చింది ఇల్లు కదలలేని ముసలివాళ్లు.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాల కోసం పెట్టినది. తెలంగాణలో హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి మాత్రమే అందులో ఉన్నాయి. వరంగల్ నగరానికే చోటు లేనప్పుడు చిల్పూర్ మాటెవరెత్తుతారు? భూమి వేడెక్కుతోందన్న చర్చల్లో మాత్రం పేదింటి పొయ్యి తప్పకుండా గుర్తొస్తుంది. బతకడానికి వెలువడే పొగా విలాసానికి వెలువడే పొగా ఒకటి కాదని 1991లోనే అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ వాదించారు.

1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు వచ్చాయి. బండ ఇంట్లోకి వచ్చింది, పొయ్యి మాత్రం ఆరలేదు. 2024లో మహాలక్ష్మి కింద 500 రూపాయలకే సిలిండర్ అన్నారు. కాని ముందు పూర్తి ధర కట్టాలి, రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది. ఎన్ని సిలిండర్లన్నది గడిచిన మూడేళ్ల వాడకం సగటును బట్టి! డబ్బు లేక ఏడాదికి రెండు బండలతో సరిపెట్టుకొని మిగతా రోజులు కట్టెలు మోసిన స్త్రీకి ఆ లేమే కొలబద్ద అయింది. ఎక్కువ పొగ పీల్చినామెకు తక్కువ రాయితీ.

కాలుష్యం లేని గాలి జీవించే హక్కులో భాగమని 1991లో సుప్రీంకోర్టు సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. ఆ హక్కు గడప దగ్గర ఆగిపోకూడదు. సిలిండర్ల సంఖ్యకు పాత వాడకంతో ముడి తీసేయాలనీ, రాయితీ పోను మిగిలిన ధరే తీసుకోవాలనీ, ఆశా కార్యకర్తలు ఊరూరా వంటింటి పొగను కూడా నమోదు చేసేలా చూడాలనీ, ఆ అదనపు పనికి వాళ్లకు డబ్బు చెల్లించాలనీ అడుగుతున్నాం. వచ్చే వానాకాలంలోపు మీ మండలంలో కనీసం పది వంటిళ్లకు వెళ్లి, ఏ నెలలో ఏది మండించారో, ఎక్కడ వండారో, ఎవరు దగ్గారో రాసి పంపండి.