కుర్చీ కొఱకు వచ్చిన పాఠకుడు

హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు ఉదయమున వెళ్లి, తలుపులు తెఱచుటకు ముందే సంచులు భుజమున వేసికొని వేచియుండు యువతీయువకులను చూచినవారెవ్వరును ఈ తరమువారికి చదువుపై శ్రద్ధ లేదని అనజాలరు. ఆ సంచులలో నీళ్ల సీసా, అన్నపు డబ్బా, గ్రూప్స్ పరీక్షల గైడ్లు, రంగురంగుల గీతలతో నిండిన నోటు పుస్తకములు ఉండును. లోపల కుర్చీ దొరకినవారు ప్రొద్దు గ్రుంకుదాక దానిని విడువరు. దొరకనివారు ఆవరణలో చెట్టు నీడ చూచుకొని కూర్చుందురు. అశోక్‌నగర్ ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి అద్దెకుండి, నోటిఫికేషను ఎప్పుడు వెలువడునా, వెలువడిన పరీక్ష వాయిదా పడక జరుగునా యని ఏండ్ల తరబడి నిరీక్షించు ఈ బిడ్డలకు, పైసయైన అడుగక దినమంతయు కూర్చుండనిచ్చు చోట్లు ఆ మహానగరమున బహు కొలదిగ నున్నవి.

వీరు గ్రంథాలయమును పరీక్షల శిక్షణశాలగ మార్చివేసిరనియు, బీరువాలలోని కావ్యములను, నవలలను కన్నెత్తియైన చూడరనియు పెద్దలలో ఒక ఫిర్యాదు కలదు. చూడరన్న మాట చాలవఱకు నిజమే. అయినను ఆ తప్పును వారి నెత్తిన రుద్దుట అన్యాయమని నా దృఢాభిప్రాయము. తెలుగునాట గ్రంథాలయము పుట్టినదే ఆయా కాలపు యువజనుల అక్కఱ తీర్చుటకు. నిజాము రాజ్యమున కార్యాలయములందును పాఠశాలలందును తెలుగునకు తగిన తావు లేని దినములలో, 1901లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వేంకటరంగారావు ప్రభృతులు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినది పుస్తకములను భద్రపఱచుటకు మాత్రమే కాదు. తమ భాషలో తాము చదువుకొని తలయెత్తుకొని తిరుగగల తరమును తీర్చిదిద్దుటకు. 1914లో బెజవాడలో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో గ్రంథాలయముల సంఘము వెలసెను. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమునకు అంకురార్పణ చేసినది హిందూ యువజన సంఘము. 1935లో పాటూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువపై పడవలో పుస్తకములు పేర్చి గట్టు వెంబడి గ్రామములకు కొనిపోయినప్పుడు, పాఠకుడు రాలేదని నిందించుచు కూర్చుండక గ్రంథాలయమే కదలి వెళ్లెను. నాటి యక్కఱ అక్షరము, స్వభాష, స్వరాజ్యము. నేటి యక్కఱ జీవనోపాధి. కూటికి దారి వెదకుకొనుచు వచ్చినవానిని పరాయివానిగ చూచు హక్కు ఈ సంస్థకు లేదు.

మఱి బీరువా వంక చూడని యలవాటు వీరికి ఎచట అబ్బినది? చిక్కడపల్లిలో కాదు, పదేండ్ల ప్రాయమున, తమ యూళ్లలో అబ్బినది. మన శాఖా గ్రంథాలయములు అనేకము అద్దె గదులలోనో, పంచాయతీ యిచ్చిన పాత గదులలోనో కాలము వెళ్లబుచ్చుచున్నవి. బల్లపై రెండు మూడు దినపత్రికలు, వాని పుటలను పంచుకొని చదువుకొను నలుగురు వృద్ధులు, గోడవార తాళము వేసిన బీరువా. గ్రంథపాలకుని యుద్యోగము ఖాళీగ నున్నచోట పొరుగూరివాడు వచ్చి తెఱచి పోవును. బడి విడిచిన పిల్లలు ఆ దారినే ఇండ్లకు మఱలు వేళకు తలుపు మూసియుండును. అట్టి బీరువా నొకదానిని తెఱపించి చూచితిని. బాలల కథల పుస్తకము చివర అంటించిన తేదీల చీటీపై కడపటి ముద్ర పడి ఎన్నియో యేండ్లు గడచినవి. కాగితములు మాత్రము నలుగక క్రొత్తవిగనే యున్నవి. ఆ పుస్తకము ఆ యూరి పిల్లవాని చేతికి అందియున్నచో, ఇరువది యేండ్లు నిండి నగరమునకు వచ్చిన నాడు వానికి గ్రంథాలయము ఉత్త కుర్చీగ కనిపించియుండదు.

ధనము లేదందురా, ఆ మాట చెల్లదు. ఇంటిపన్ను కట్టు ప్రతి గృహస్థుడును రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సెస్సు చెల్లించుచునే యున్నాడు. వసూలు చేసిన పంచాయతీలు, పురపాలక సంఘములు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలమున జమచేయవు. ప్రజలు పుస్తకము కొఱకని యిచ్చిన సొమ్ము వేఱు ఖర్చులలో కలిసిపోవుచుండగా, ప్రజలకు చదువుపై అభిరుచి తగ్గినదని వాపోవుట తగునా?

కుర్చీ కొఱకు వచ్చినవానిని బీరువా వంకకు మఱల్చు అవకాశము చేరువనే యున్నది. సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించిన సంగతి పోటీ పరీక్షల అభ్యర్థులందఱకును కంఠస్థము. గైడులో అది ఒక బిట్టు. మన పూర్వులు ఏమి తినిరో, ఏమి కట్టిరో, ఏ యాటలాడిరో చెప్పు ఆ గ్రంథము మాత్రము వారి కుర్చీ వెనుక బీరువాలోనే యుండును. సిలబసులోని చరిత్రకు, సంస్కృతికి మూలమైన ఇట్టి పుస్తకములను బీరువా నుండి దింపి, చదువు బల్లల నడుమనే ఒక అరలో అమర్చి, అడిగినవారికి దారి చూపగల గ్రంథపాలకుని అచట నియమించినచో, పరీక్ష కొఱకు తెఱచిన పుట పరీక్ష తరువాతను వారిని విడువదు. ఇందుకు గొప్ప పథకము లక్కఱలేదు.

పోటీ పరీక్షల వారికి ప్రత్యేకముగ గదులు కట్టుడు, రాత్రి వేళ తెఱచియుంచుడు, ల్యాప్‌టాపునకు కరెంటు ప్లగ్గు, త్రాగునీరు, ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్డి కల్పింపుడు. పిల్లల గదిని మాత్రము వారికి అప్పగింపకుడు. అది పిల్లలదే, బడి విడుచు వేళకు తెఱచి యుండవలసినదే. నాటి యువకులు గ్రంథాలయములను తామే స్థాపించి, పుస్తకములను తామే మోసిరి. నేటి యువకునకు అందలి యే నిర్ణయమునందును పాలు లేదు. జిల్లా సంస్థల అధ్యక్ష పదవులను రాజకీయ నియామకములతో నింపు ప్రభుత్వములు, ప్రతి గ్రంథాలయమునను నిత్యము వచ్చు చదువరుల నుండి ఇద్దఱు ముగ్గురిని సలహా సంఘమున చేర్చుకొని, ఏ పుస్తకము కొనవలెనో వారినే యడుగవలెను. స్థానిక సంస్థ వసూలు చేసిన సెస్సు ఎంత, చెల్లించినది ఎంత, బాకీ ఎంత యను మూడంకెలను గ్రంథాలయపు వాకిట బోర్డుపై వ్రాయించవలెను. రానున్న బడ్జెట్టు సమావేశములలోపుననే ఆ బోర్డులు వెలయవలెనని రెండు తెలుగు ప్రభుత్వములను కోరుచున్నాను.